పాస్టరు గారి చెవులు

ఇంగ్లండులో నార్ఫోక్ బురదనేలల మధ్య ఉన్న ఒక ఊళ్ళో పాస్టరు ఆంబ్రోజ్ లార్టర్ గారికి చెవులు పోయి చాలా ఏళ్ళయింది. అప్పటినుంచీ ఆయన చెవులు కూతురు హెస్టరే. మామూలు చెవుడైతే ఏ గోలా ఉండేది కాదు. ఈయన గారు ఇంగ్లీషులో చప్పుళ్ళలోంచి పుట్టిన మాటల మీద పెద్ద గ్రంథం రాస్తున్నారాయె! పిట్ట అరుపే పిట్టకు పేరెలా అయింది, రాయి నీళ్ళలో పడితే 'ప్లాప్' అని మొదట ఎవరి నోట వచ్చింది, ఇదే ఆయన యావ. పొద్దున లేస్తే బల్లమీద గరిటె పడేసేవారు. హెస్టర్ విని చెప్పాలి, ఆయన ఆమె పెదవులు చూసి రాసుకోవాలి.

"క్లాంగా, క్లాంకా? సరిగ్గా విన్నావా?"

"క్లాంకే నాన్నా."

"ఏదీ, మళ్ళీ పడేస్తానుండు."

ఆమెకు పెళ్ళీడు వచ్చి, దాటి, తలలో తెల్లవెంట్రుకలు కనిపించేదాకా అలా పడేస్తూనే ఉన్నారు.

సరుకుల బండి తోలే నేథన్ థర్టిల్ ఆమెను చేసుకుంటానన్నాడు. ఆమె సరేనంది. పెళ్ళి జరగాలంటే పాస్టరు చర్చిలో మూడు ఆదివారాలు ఆ సంగతి చదివి వినిపించాలి. పాస్టరు కాస్తా తండ్రే అయితే ఇంకెవరితో మొరపెట్టుకుంటుంది? పేర్లు రాసిన చీటీ ఆయన చేతిలో పెట్టింది. ఆదివారాలు గడిచాయి, ఆయన చదవలేదు. చివరికి చీటీ ఆయన బల్లమీదే దొరికింది. వెనకవైపు ఖాళీగా ఉందని దానిమీద 'ఫ్లాప్' గురించి రాసుకున్నారు మహానుభావుడు! హెస్టర్‌కి ఒళ్ళు మండిపోయింది. గ్రంథం అయ్యాక చూద్దాంలే అన్నారాయన.

వంటమనిషి ఛారిటీ ఊరుకుంటుందా? "ఆ గ్రంథం అయ్యేసరికి నిన్ను చర్చికి మోసుకెళ్ళాల్సిందే గానీ, నువ్వు నడిచివెళ్ళవు తల్లీ!"

నేథన్ యార్మత్‌లో అన్న దగ్గర పని చూసుకున్నాడు. "శనివారం పొద్దున మీ గేటు ముందు బండి ఆపుతా. వచ్చావా, యార్మత్‌లోనే పెళ్ళి చేసుకుందాం. రాలేదా, ఇక నేనీ దారి తొక్కను హెస్టర్. నాకూ సిగ్గూశరం ఉన్నాయి కదా," అన్నాడు.

శనివారం బండి వచ్చి ఆగింది. హెస్టర్ మేడమీద నుంచి పెట్టె ఈడ్చుకుంటూ దిగింది. ఒక్కో మెట్టుకీ ధబ్, ధబ్. ఆయనకు వినబడదు కదా అనుకుంది పిచ్చితల్లి. చెక్కనేల సంగతి మరిచిపోయింది.

గది తలుపు భళ్ళున తెరుచుకుంది. పాస్టరు గారు వట్టి కాళ్ళతో నిలబడి ఉన్నారు. కళ్ళల్లో నీళ్ళు.

"విన్నానే అమ్మాయ్! అరికాళ్ళతో విన్నాను! థంప్! ఇన్నేళ్ళకు ఒక చప్పుడు నా అంతట నేను విన్నాను. ఆ పెట్టె పైకెక్కించి మళ్ళీ దించు. ఈసారి సరిగ్గా వింటాను."

పెట్టె ఎందుకు దిగుతోందని అడగనైనా అడగలేదు. ఒక్కసారే కదా, అయ్యాక పోదాం అనుకుంది హెస్టర్. అంత బరువూ మెట్టు మెట్టూ పైకి లాగింది. కిటికీలోంచి నేథన్ పగ్గాలు అందుకోవడం కనిపించింది. ఆగమని కేక వేయబోయింది. కింద తండ్రి నేలమీద బోర్లా పడుకుని, చెంప చెక్కకు ఆనించి, పసిపిల్లాడిలా ఆమె వంకే చూస్తున్నారు. ఆమె కిటికీ వదిలి పెట్టె పట్టుకుంది.

బండి కదిలింది.

"బయటేదో అదురుతోంది. ఏం చప్పుడే అది?"

"రాటిల్ నాన్నా," అంది హెస్టర్. గొంతు పెగల్లేదు. ఆయన చూసేది పెదవులే కాబట్టి ఆ తేడా తెలియలేదు.

"బాగుంది, బాగుంది. ఇక పెట్టె దించు."