చాముండి మెట్ల మీద నాగరత్న పడిపోయిన రోజు

ఒక్క మాట. అబద్ధం కూడా కాదది. దాన్ని ఇన్నేళ్లుగా మింగలేక కక్కలేక మోస్తున్నాను. నా భర్తకు చెప్పలేదు, పిల్లలకు చెప్పలేదు, ఎవరికి చెప్పాలో ఆమెకు అసలే చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

డెబ్బైల చివర్లో పుంగనూరులో ఒక చిన్న బడిలో ముగ్గురం టీచర్లం. నేను, పెద్దమండ్యం రైతుల బిడ్డ నాగరత్న, మదనపల్లె మిషన్ కాంపౌండులో పుట్టి పెరిగిన గ్రేసమ్మ. ముగ్గురిదీ ఒకే అద్దె గది. శనివారం కూడా సెలవొచ్చిన ఒక వారం, ఎప్పటినుంచో అనుకుంటున్న మైసూరుకు బయలుదేరాం.

ప్యాలెస్‌లో రంగుటద్దాల కింద మెడలు నొప్పి పుట్టేదాకా నిలబడ్డాం. మార్కెట్లో మల్లెలు కొన్నాం. గ్రేసమ్మ పూలు పెట్టుకోదు గనుక ఆమె వాటా కోసం మేమిద్దరం కొట్లాడుకున్నాం. అంత తేలికగా నవ్విన రోజు నా బతుకులో మళ్లీ రాలేదు.

హోటల్లో మేం దోసెలు తింటుంటే నాగరత్న ఎదురుగా ఊరికే కూర్చుంది. ఆమెకు శనివారం ఒక్కపొద్దు, రాత్రికి తప్ప మెతుకు ముట్టదు. ఏడు శనివారాల మొక్కు. ఎవరికోసమనుకున్నారు? నాకోసం. నలుపని నన్ను చూసినవాళ్లంతా వద్దంటుంటే, నాకు సంబంధం కుదరాలని ఆమె మొక్కుకుంది.

మిట్టమధ్యాహ్నం ఎండలో చాముండి కొండ మెట్లెక్కుతూ నంది దగ్గర కళ్లు తిరిగి పడిపోయింది. వెనక వస్తున్న ఎవరో పెద్దాయన మూర్ఛరోగం అనుకుని, ఇనుము పట్టిస్తే తగ్గుతుందని తన తాళాల గుత్తి ఆమె పిడికిట్లో కుక్కాడు. కడుపు ఖాళీగా ఉంది, అంతేనని గ్రేసమ్మ ఆయన్ను పక్కకు జరిపి టెంకాయనీళ్లు తాగించింది. నాగరత్న లేచి కూర్చుంది. సిగ్గుపడుతూ తాళాలు ఆయన చేతికిచ్చి, మిగతా మెట్లు మాకంటే ముందే ఎక్కేసింది.

కొన్నాళ్లకు ఆమెకు కుప్పం వైపు సంబంధం వచ్చింది. పెళ్లిచూపులనాడు కాఫీలు అందించింది నేనే. ఆమె ఏదో అంటే అబ్బాయి నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు ఒళ్లు మండింది. ఇక దాచడమెందుకు?

మా వైపు ఖాయం చేసుకునే ముందు, పిల్లను ఎరిగిన తమ కులం మనిషిని చాటుగా కలిసి మంచీచెడ్డా విచారిస్తారు. అబ్బాయి మేనత్త బడికి వచ్చింది. గ్రేసమ్మ అక్కడే ఉంది, ఆమెను పలకరించను కూడా లేదు. నన్ను గోడవారకు పిలిచింది.

“మనోళ్ల పిల్లవని నిన్నడగతాండానమ్మా. ఆ పాపకు ఒంట్లో ఏమన్నా ఉండాదా?”

మైసూరులో ఒకసారి పడిపోయిందన్నాను. ఆమె గొంతు తగ్గించింది.

“సేతిలో తాళాలు పెట్టినారా?”

“పెట్టినారు.”

అంతే. ఒక్కపొద్దు సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. రానివ్వలేదు. భయపడ్డానా, తడబడ్డానా, లేక ఆమె అడిగిందానికి మాత్రమే జవాబు చెప్పానని ఆ క్షణంలోనే నాకు నేను సర్దిచెప్పుకున్నానా అని ఎన్నిసార్లు తరచి చూసుకున్నా చివరికి తేలేది ఒకటే: కావాలనే ఊరుకున్నాను.

ఆ సంబంధం తప్పిపోయింది. తర్వాత వచ్చినవీ నిలవలేదు. అది ఆకలికి కళ్లు తిరగడమేనని గ్రేసమ్మ కనబడినవాళ్లందరికీ చెప్పింది, వినేదెవరు? నిప్పు లేందే పొగ వస్తుందా అన్నారు. ఏడాది తిరక్కముందే అదే మేనత్త, అదే అబ్బాయికి నన్నడగడానికి మా ఇంటికొచ్చింది. ఏదీ దాచని పిల్లని నన్ను మెచ్చుకుందట. నేను తల ఊపాను. తనను వద్దన్న ఇంటికే నేను కోడలిగా వెళ్తున్నా, నాగరత్న పెళ్లికొచ్చి నా జడలో పూలు తురిమింది. గ్రేసమ్మ రాలేదు. ఆమెకు తెలిసే ఉంటుంది.

నా భర్త మంచివాడు. అదే నాకు పెద్ద శిక్ష.

పిల్లలు పెద్దవాళ్లవుతుండగా ఒకసారి పెద్దమండ్యం వెళ్లాను. నాగరత్న పెళ్లి కాక వాళ్లన్న ఇంట్లోనే ఉంది. బడిలో పిల్లల ముందు పడిపోతుందేమోనని ఇంట్లోవాళ్లు ఉద్యోగం ఎప్పుడో మాన్పించారు. బావి దగ్గరికి ఒంటరిగా పోనివ్వరు. మూర్ఛకని అమావాస్య అమావాస్యకూ పసరు మందు మింగిస్తారు. నీళ్లకు నన్ను తోడు రమ్మంది. వెళ్లాను. గట్టు మీద నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఎంతో సంతోషంగా చెప్పింది.

“మందు బాగా పనిజేస్తాండాదక్కా. మైసూరు తర్వాత ఒక్కసారన్నా పడలేదు సూడు.”

నేను నీళ్లు చేదాను. బిందె నిండింది. చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉంటుందా? చెప్పలేదు. బిందె ఎత్తుకుని ఆమె వెనకే ఇంటికి నడిచాను.

ఇంత రాశాక కాస్త ఊపిరి ఆడుతోంది. అందుకూ సిగ్గుగానే ఉంది. మొన్న అమావాస్యకు కూడా ఆమె ఆ మందు మింగే ఉంటుంది.