పాప కంచం మీద కళ్ళు

మా మనవరాలు అన్నం తినేది కాదు. కాస్త మారాం చేసేది, కొంచెమే తినేది లాంటి ముద్దు మాటలు నాకు చేతకావు. తినేది కాదు, అంతే. నోట్లో ముద్ద పెడితే బుగ్గన దాచుకుని, మనం అరగంట బతిమాలాక ఆ ముద్దని అలాగే తీసి మన చేతిలో పెట్టేది. రెండేళ్ళు నిండవస్తున్నా, ఏడాది నిండినప్పుడు కుట్టించిన గౌన్లు ఇంకా వదులుగానే ఉండేవి.

డాక్టరు దాని బరువుని ఒక కాగితం మీద గీతగా గీసి చూపించాడు. నేను యాభై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని. ఆ గీత చదవడానికి మాత్రం ఏ చదువూ అక్కర్లేదు, కిందకి దిగుతోంది. వచ్చే నెలకి బరువు పెరగకపోతే ఆస్పత్రిలో ఉంచుకుని ముక్కులోంచి గొట్టం వేస్తామన్నాడు. మా కోడలు రాయ్‌పూర్ పండరీ బజారులో బట్టల కొట్లో పని చేస్తుంది, పొద్దుట నుంచి రాత్రిదాకా మాట్లాడే మనిషి. ఆ రోజు ఆటో ఇల్లు చేరేదాకా ఒక్క మాట మాట్లాడలేదు.

ఇదంతా ఎక్కడ మొదలైందో మాకు తెలుసుననే అనుకున్నాం. అన్నప్రాశన నాడు పాప పాయసం చప్పరించుకుంటూ తింది. పక్కింటి ఛత్తీస్‌గఢీ ఆవిడ గుమ్మంలో నిలబడి, "అరే వా, నోనీ బనే ఖాత్ హే!" అంది, పిల్ల ఎంత బాగా తింటోందో అని. ఆ సాయంత్రమే పాప తిన్నదంతా కక్కేసింది. ఇంకేముంది, దిష్టి. మా శ్రీకాకుళం వైపు పసిపిల్లల తిండి మీద కన్ను పడనివ్వం. రైల్వే ఉద్యోగంతో రాయ్‌పూర్ వచ్చి ఎన్నేళ్ళయినా ఆ పట్టింపు మాతోనే ఉంది. ఆ రోజు నుంచి పాప భోజనం వెనక గదిలోకి మారింది. తలుపు మూసి, కర్టెన్ లాగి, నేనో కోడలో ఒక్కళ్ళమే దాని ఎదురుగా కూర్చునేవాళ్ళం. తాతని కూడా రానిచ్చేవాళ్ళం కాదు.

"నాను దాని తాతని. నా కన్ను ఏటి సేస్తాదే?" అని మా ఆయన గొడవ పడేవాడు.

"నీదే పెద్ద కన్ను. కంచంలో ఏటుందో వీధిలోంచే లెక్కెట్టీగలవు."

ఉప్పూ ఎండుమిరపకాయలూ దిగదుడిచి పొయ్యి మీద వేస్తే ఇల్లంతా దగ్గేవాళ్ళం. అంత ఘాటు వస్తే దిష్టి లేనట్టని అంటారు. మేం దగ్గుతూ కూడా దిష్టి ఉందనే అనుకున్నాం. కోడలు పప్పులో నెయ్యి వేసి కలిపేది, రాగిజావ కాచేది, గుడ్డు చిదిపేది, ఫోనులో బొమ్మలు చూపించేది. పాప బొమ్మలు చూసేది, నోరు మాత్రం తెరిచేది కాదు.

మే నెల వచ్చింది. వెనక గదికి రేకుల కప్పు. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ గదిలో ఫ్యాను ఆగిపోయింది. మాకున్న కూలర్ ఒక్కటే, అది హాలులో ఉంది. ఆ కొలిమిలో పిల్లని కూర్చోబెట్టలేక, తాత తిని లేచాక హాలులోనే పెడదామని అక్కడికి తెచ్చాం.

ఆయన కూలర్ ముందు నేల మీద కాళ్ళు చాపుకుని చద్దన్నం తింటున్నాడు. ఇక్కడివాళ్ళు దాన్ని బాసీ అంటారు. రాత్రి అన్నంలో నీళ్ళు పోసి ఉంచి, ఎండాకాలమంతా అదే తింటారు. రైల్వే వర్క్‌షాప్‌లో వాళ్ళతో కలిసి తిని తిని మా ఆయనకీ అది లేకపోతే కుదరదు. ఉల్లిపాయ కరకర కొరుకుతూ ఎవరి వైపూ చూడటం లేదు. పాప నా ఒళ్ళోంచి జారి, వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది. ఆయన చెయ్యి కంచంలోంచి నోటికి ఎలా పోతోందో కాసేపు చూసి, తన చెయ్యి కంచంలో ముంచింది.

"మావయ్యా, కంచం తీసీయండి! నిన్నటన్నం అది, జలుబు సేస్తాది!" అని కోడలు అరిచింది.

ఆయన తల ఎత్తలేదు. "ఇద్దరూ అటు తిరగండి. ఎవులూ సూడకండి."

తిరిగాం. కూలర్ హోరులో కూడా నమిలే చప్పుడు రెండుగా వినిపించింది. ఆ పిల్ల నమలగలదని నాకు అప్పటిదాకా తెలీదు. అంతలో మా అబ్బాయి బజారు నుంచి వచ్చాడు.

"క్యా హువా? అందరూ గోడకేసి సూస్తన్నారేటి?"

"నోరు మూసుకుని నువ్వూ తిరుగు" అన్నాను. సంచీ పట్టుకునే తిరిగాడు.

పాప అప్పటిదాకా మనుషులు అన్నం తినడం సరిగ్గా చూడనేలేదు. మూసిన గదిలో దానికి కనిపించేవి ఒక చెయ్యీ, తన నోటినే చూసే రెండు కళ్ళూ. ఊళ్ళో అందరి కన్నూ తప్పించి, మా కళ్ళు మాత్రం పూటపూటా దాని మీదే పెట్టాం.

మర్నాటి నుంచి అందరి కంచాలతో పాటు దాని చిన్న కంచమూ హాలులోనే. ఎవరూ చూడకూడదు, తిను అనకూడదు. నాకది ప్రాణం మీదికి వచ్చేది. అది తన కంచం ముట్టదు, తాత కంచంలోంచే లాక్కోవాలి. అందుకని దాని గుడ్డూ, నెయ్యి పప్పూ తాత కంచంలోనే వడ్డించేవాళ్ళం. "మిగిలింది ఎవులు తినాలి మరి, నానే కదా!" అని ఆయన మురిసిపోయేవాడు.

నెల తిరిగింది. డాక్టరు పాపని తూకం మీద నిలబెట్టి, ఒకసారి దింపి మళ్ళీ నిలబెట్టాడు. గీత పైకి తిరిగింది. ఏం పెట్టారని అడిగితే కోడలు చెప్పడానికి సిగ్గుపడింది. "బాసీ" అన్నాను నేను. డాక్టరు నవ్వి, నీళ్ళు మంచివి పోయమన్నాడు, పప్పూ గుడ్డూ మానొద్దన్నాడు. గొట్టం అక్కర్లేదన్నాడు. ఆటోలో కోడలు మాట్లాడటం మొదలుపెట్టి ఇల్లు వచ్చినా ఆపలేదు. నేను ఒక్క మాటకీ అడ్డు రాలేదు.

తర్వాత ఒక రోజు కూలర్ గాలి ఆడాలని వీధి తలుపు తీసి ఉంచి భోంచేస్తున్నాం. పక్కింటావిడ గుమ్మంలోకి వచ్చి పాపని చూసింది.

"అరే వా, నోనీ బనే ఖాత్ హే!"

నా చేతిలో ముద్ద అక్కడే ఆగిపోయింది. కోడలు తలుపు వైపు సగం లేచింది. పాప ఆవిణ్ణి తేరిపార చూసి, గుప్పెడు అన్నం పిండుకుని, నీళ్ళు కారుతున్న చేతిని ఆవిడ వైపు చాపింది. ఆవిడ లోపలికి వచ్చి, వంగి, ఆ చేతిలోంచే తినేసింది. పాప మళ్ళీ తాత కంచంలో చెయ్యి పెట్టింది.

"అత్తా, ఉప్పూ మిరపకాయలూ తేనా?" అని కోడలు నా చెవిలో అడిగింది.

"తిండి కానీ ముందు. సాయంత్రం సూద్దాం."

సాయంత్రం అయింది, పాప కక్కలేదు. దిష్టికని తీసి ఉంచిన ఎండుమిరపకాయలు మర్నాడు పచ్చడిలో వేశాను.