మంచుకీ మందుకీ మధ్య దూది

రిటైరయ్యే ముందు ఏడాది నన్ను తమిళనాడులోని రాజపాళయంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి క్యాన్సర్ డే కేర్ విభాగంలో సీనియర్ ఫార్మసిస్టుగా వేశారు. రోగులు పొద్దున వచ్చి మందు ఎక్కించుకుని సాయంత్రం ఇంటికి వెళ్లే విభాగం అది. యాంటీబాడీ మందులు కలిపి ఇచ్చే బాధ్యత నాది. మామూలు కీమో మందు మంచి కణాన్నీ చెడ్డ కణాన్నీ కలిపి బాదుతుంది. యాంటీబాడీ క్యాన్సర్ కణం మీదున్న ఒక గుర్తును వెతికి పట్టుకుంటుంది. అది సున్నితమైన ప్రోటీను. చల్లగా ఉంచాలి కానీ గడ్డకట్టనివ్వకూడదు. గడ్డకడితే ఇక పారేయడమే.

అక్టోబరు చివర, అక్కడి ఐప్పసి నెల వానల్లో ఒక ఉదయం చోళపురం నుంచి లక్ష్మమ్మగారు మొదటి డోసు కోసం వచ్చారు. రొమ్ము క్యాన్సర్. మదురైలో మందు కొని తెచ్చే పని ఆమె భర్త కృష్ణమరాజుగారిది. సర్జికల్ దూది మిల్లులో మేస్త్రీగా చేసిన మనిషి. బస్సు దిగి నేరుగా వచ్చి మందు తెచ్చిన డబ్బా నా బల్ల మీద పెట్టారు. మూత తీయగానే నా ప్రాణం ఉసూరుమంది. అంచుల దాకా ఐసు ముక్కలు!

“కూలింగు పోగూడదని చెప్పినారు గదా సార్? జూస్ అంగట్లో ఐసు అడిగి నిండా పోసినాను,” అన్నారాయన గర్వంగా.

కోపం వచ్చింది. ఇంకో సీసా రావాలంటే రోజులు పడుతుంది, అంతవరకూ ఆమె చికిత్స ఆగిపోతుంది. ఐసులో చెయ్యి పెట్టి వెతికాను. ప్లాస్టిక్ సంచిలో కట్టిన, గుమ్మడికాయంత దూది ఉండ తగిలింది. పొర మీద పొర విప్పుతున్నాను, సీసా రాదే!

“గాజు గదా సార్, బస్సు కుదుపుకు పగిలితే? అందుకే మా మిల్లు దూది చుట్టినాను.”

“ఈయనకు ఏం చేసినా ఎక్కువే సార్. తాళి గూడా నాలుగు ముళ్లు వేసినాడు,” అన్నారు మంచం మీద నుంచి లక్ష్మమ్మగారు. వార్డంతా నవ్వింది.

చివరి పొరలోంచి సీసా ఉన్న అట్టపెట్టె బయటపడింది. దానికి మదురై అంగడివాళ్లు ఒక సూచిక కార్డు అంటిస్తారు. గడ్డకట్టే చలి తగిలితే అందులో రంగు పాకుతుంది, మళ్లీ పోదు. దూది పొరలు ఐసు చలిని ఆపినట్టున్నాయి, కార్డు తెల్లగానే ఉంది, మందూ తేటగా ఉంది. అయినా నేనొక్కణ్ణే ఒప్పుకుంటే చాలదు. డాక్టరమ్మ చూసి సరేనని రాశాకే సెలైన్‌లో కలిపాను. మధ్యాహ్నానికి డోసు పూర్తయింది. నాకు పట్టలేనంత సంతోషం వేసింది.

ఈ మందులను ఇంకా మెరుగుపరచడానికి పెద్ద ల్యాబుల్లో పరిశోధనలు జరుగుతున్నాయి. మా వంతుగా మేము చేసింది చిన్నదే. ఆ వారం నుంచి మందు తేవడానికి వెళ్లేవాళ్లకు డబ్బాలో చల్లటి జెల్ ప్యాకులూ మధ్యలో దూది పొరా మేమే పెట్టి ఇచ్చాం. ‘చల్లగా తెండి’ అనే మాటకు ‘ఐసు తగలనివ్వకండి’ అని చేర్చాం. సగం మాట చెప్పి ఊరుకుంటే, భార్య మీద ప్రేమున్నవాడు డబ్బా నిండా ఐసు పోస్తాడు.