గుమ్మం మీది నాలుగు కెమెరాలు

బాపట్లలో శంకరరావు కడుతున్న మూడంతస్తుల బట్టల షాపుకు నలభై కెమెరాలు పడతాయి. ఆ పని తనకు రావాలని పూర్ణచంద్ర కోరుకున్నాడు. అంతకంటే గట్టిగా, శాలేమురాజుకు రాకూడదని కోరుకున్నాడు. ఈ రెండో కోరికే అతన్ని వారం వారం రేపల్లె ప్యాసింజర్ ఎక్కించింది.

పూర్ణచంద్రది కొలకలూరు. వయసు నలభై అయిదు. తెనాలి మార్కెట్ దగ్గర ఒక సందులో పదడుగుల షాపు నడుపుతున్నాడు. ఇరవై ఏళ్ళ క్రితం అతనూ, చెరుకుపల్లి నుంచి వచ్చిన శాలేమురాజూ ఒకే కేబుల్ టీవీ ఆపరేటర్ దగ్గర లైన్‌మెన్లు. ఇద్దరికీ కలిపి ఒక సైకిలు, ఒక నిచ్చెన. పని తెలిసినవాడు అప్పట్లో పూర్ణచంద్రే. కేబులు చివర కనెక్టర్ బిగించడం శాలేమురాజుకు నేర్పింది తనేనని అతను రోజుకు ఒకసారైనా ఎవరికో ఒకరికి చెబుతాడు.

కేబుల్ టీవీ పని పలచబడ్డాక ఇద్దరూ నిఘా కెమెరాల్లోకి దిగారు. పూర్ణచంద్ర తెలిసిన దారిలోనే వెళ్ళాడు. కెమెరాకొక కేబులు లాగడం, అన్నిటినీ తెచ్చి బొమ్మ రికార్డు చేసే డీవీఆర్ పెట్టెలో కలపడం. చవక, మన్నిక. ఎలుక ఒక కేబులు కొరికితే ఒక్క కెమెరాయే పోతుంది. శాలేమురాజు విజయవాడ వెళ్ళి రెండు నెలలు నెట్‌వర్కింగ్ నేర్చుకుని వచ్చి ఎన్వీఆర్‌లు, అంటే నెట్‌వర్క్ మీద నడిచే కొత్తరకం రికార్డింగు పెట్టెలు, పెట్టసాగాడు. వాటిలో కరెంటు, బొమ్మ ఒకే నెట్‌వర్క్ కేబుల్లో నడుస్తాయి. బొమ్మ ఎంత పెద్దది చేసుకుని చూసినా చెదరదు. అయిదేళ్ళు తిరిగేసరికి అతను కారు కొన్నాడు. నెత్తిన నిచ్చెన కట్టుకుని తిరిగేది అదేం కారని పూర్ణచంద్ర అనేవాడు గాని, ఆ కారు రంగు, నంబరు అతనికి కంఠతా వచ్చు.

పనిలో మాత్రం పూర్ణచంద్రకు వంక పెట్టలేం. కెమెరాలు కావాలని వచ్చినవాణ్ని ఎన్ని కావాలని అడగడు, ఏం కనపడాలని అడుగుతాడు. గల్లా దగ్గర చేతులు కనపడాలా, వాకిట్లో ముఖం తెలియాలా, గోడౌన్లో మనిషి తిరిగినట్టు తెలిస్తే చాలా అని విడదీసి కనుక్కుంటాడు. ఎన్ని రోజుల రికార్డింగు నిలవాలో తేల్చుకున్నాకే హార్డ్‌డిస్కు మాట ఎత్తుతాడు. కంప్యూటర్లోంచి పీకిన పాత డిస్కు పెట్టమంటే పెట్టడు. సాయంత్రం కాగానే కెమెరాలు ఆగిపోతున్నాయని జంపని దగ్గర ఒక రైసుమిల్లు వాళ్ళు గగ్గోలు పెడితే, డీవీఆర్ వైపు చూడను కూడా చూడకుండా పవర్ సప్లై మార్చి వచ్చాడు. చీకట్లో కెమెరా తనలోని లైట్లు వెలిగించుకుంటుంది, అప్పుడు కరెంటు ఎక్కువ లాగుతుంది, నాసిరకం పవర్ సప్లైకి అంత ఓపిక ఉండదు. ఇది తెలియక అంతకుముందు ఇద్దరు మెకానిక్కులు ఆ మిల్లు చేత రెండు డీవీఆర్‌లు కొనిపించారు.

ఇంత తెలిసిన మనిషికి శాలేమురాజు పెట్టిన కెమెరా కంటపడితే చాలు, తెలివి పక్కకు పోతుంది. కింద నిలబడి వైరింగ్ ఎక్కడైనా వంకర పోయిందేమోనని చూస్తాడు. పోయి ఉండదు. అదే అతని బాధ.

“మీ కెమెరాలు ఊరంతటినీ చూస్తాయి, మీ కళ్ళు మాత్రం ఆ ఒక్క మనిషినే చూస్తాయండి,” అని భార్య సునీల ఒకసారి అన్నది.

శంకరరావు తెనాలి షాపులో కెమెరాలు ఎనిమిదేళ్ళుగా పూర్ణచంద్రవే. నిరుడు రేపల్లెలో షాపు తెరిచినప్పుడు మాత్రం ఆయన శాలేమురాజును పిలిచాడు. అతని కెమెరాలో చీర అంచు కూడా తెలుస్తోందని కారణం చెప్పాడు. పూర్ణచంద్ర నవ్వి, మంచిపని చేశారన్నాడు. ఆ తర్వాత నెలరోజులు శంకరరావు తెనాలి షాపున్న రోడ్డు వదిలి చుట్టూ తిరిగి ఇంటికి వెళ్ళాడు.

ఆషాఢంలో శంకరరావు నుంచి ఫోను వచ్చింది. రేపల్లె షాపు బయట ఉన్న నాలుగు కెమెరాల్లో షాపు కట్టేశాక ఏమీ కనపడడం లేదు. శాలేమురాజు ఏదో కోల్డ్ స్టోరేజీ పనిలో ఇరుక్కున్నాడు, నాలుగు రోజుల దాకా రాలేడు. ఒకసారి వెళ్ళి చూస్తారా అని అడిగాడు. పూర్ణచంద్ర చేతిలోని పని వదిలేసి పొద్దున బండికే బయల్దేరాడు.

షాపులో పెద్ద సేల్స్‌మన్ జాన్ బాబు. షట్టర్ తీసేదీ వేసేదీ అతనే. ఇద్దరూ కూర్చుని రికార్డింగు వెనక్కి తిప్పారు. పగటిపూట అన్నీ శుభ్రంగా ఉన్నాయి. లోపలి పన్నెండు కెమెరాలకు రాత్రి కూడా ఏ రోగమూ లేదు. గుమ్మం మీది నాలుగింటికే, షాపు లైట్లు ఆర్పిన దగ్గర్నుంచీ బొమ్మ మీద పాలు ఒలకబోసినట్టు ఉంది. పూర్ణచంద్ర నిచ్చెన ఎక్కాడు. పది నిమిషాల్లో సంగతి తెలిసిపోయింది.

నాలుగు కెమెరాల అద్దం మీదా బొట్టు ఉంది. తడి పసుపు, పైన కుంకుమ, వారాల తరబడి పొర మీద పొర.

శంకరరావు తల్లి సీతామహాలక్ష్మి షాపు పైఅంతస్తులో ఉంటుంది. పూర్ణచంద్ర ఆవిణ్ని పిన్నిగారంటాడు. ప్రతి శుక్రవారం గల్లాపెట్టెకు, కత్తెరకు, మీటరు బద్దకు, గడపకు పసుపు కుంకుమ పెట్టడం ఆవిడ అలవాటు. గుమ్మం కాసే కెమెరాలను వదిలిపెట్టడం ఆవిడకు సబబుగా తోచలేదు. తను స్టూలు ఎక్కే వయసు కాదు గనక కింద నిలబడి చెబుతుంటే జాన్ బాబు స్టూలెక్కి పెట్టేవాడు. అద్దం పైఅంచున పెట్టిన బొట్టు పగలు కెమెరాకు అడ్డు రాదు. చీకటి పడ్డాక కెమెరా లైట్లు ఆ పొడి మీద పడి వెనక్కి కొడతాయి. బొమ్మంతా తెల్లబడుతుంది. తడిగుడ్డతో తుడిచి, పిన్నిగారికి ఒక మాట చెప్పి, తర్వాతి బండికి తెనాలి వెళ్ళిపోవలసిన పని అది.

పూర్ణచంద్ర నిచ్చెన మీద కాసేపు అలాగే నిలబడ్డాడు. శాలేమురాజు పనిలో తప్పు దొరికిందన్న సంతోషంతో ఎక్కాడు. తప్పు అతనిది కాదని తేలాక కిందికి దిగబుద్ధి కాలేదు. దిగాక శంకరరావుకు ఫోను చేశాడు.

“ఈ సరుకు ఇంతేనండి. లోపలికి పనికొస్తుంది గాని బయటికి పనికిరాదు,” అన్నాడు.

నాలుగూ మార్చి చూపించండి, బాగుంటే బాపట్ల సంగతి మాట్లాడుకుందాం అన్నాడు శంకరరావు.

బుధవారం పూర్ణచంద్ర తన కెమెరాలు నాలుగు తెచ్చి బిగించాడు. ఎన్వీఆర్ పాస్‌వర్డ్ శాలేమురాజు దగ్గరే ఉంది. ఈ వృత్తిలో పెట్టినవాడే పాస్‌వర్డ్ దాచుకుంటాడు, కొన్నవాడికి ఇచ్చేది చూసుకునే వీలు వరకే. అందుకని నాలుగు కెమెరాలకూ తన చిన్న డీవీఆర్ విడిగా పెట్టాడు. విప్పిన కెమెరాలు బొట్లతో సహా అట్టపెట్టెలో పడేసి గోడౌన్లో పెట్టించాడు. మర్నాడు శంకరరావు ఫోనులో బొమ్మ చూసుకుని మెచ్చుకున్నాడు. ఆ రోజు పూర్ణచంద్ర తెనాలిలో టీ బంకు దగ్గర నలుగురికి టీ చెప్పి, కొందరి సరుకు పైకి మెరుస్తుందిగాని చీకటి పడితే బయటపడుతుందని పేరు చెప్పకుండా చెప్పాడు.

రేపు శుక్రవారమని అతనికి తట్టింది బంకు దగ్గర్నుంచి ఇంటికి పోతున్నప్పుడు. కెమెరాలకు బొట్టు పెట్టొద్దని పిన్నిగారికి చెప్పాలి. చెబితే ఎందుకని అడుగుతారు. పాత కెమెరాలు చెడిందీ అందుకేనా అని తర్వాతి ప్రశ్న. ఆడిన అబద్ధమే అతని నోరు కట్టేసింది.

శుక్రవారం పొద్దున్నే రేపల్లెలో దిగాడు. తెనాలిలో ఒక స్టిక్కర్ బొట్ల పాకెట్టు కొనుక్కుని వచ్చి, ఎవరూ చూడకముందే ప్రతి కెమెరా వెనకవైపు ఒకటి అంటించాడు. సీతామహాలక్ష్మి కిందికి వచ్చాక, బొట్టు పెట్టేశాను పిన్నిగారూ, మీకు శ్రమ లేకుండా అన్నాడు. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని పైకి చూసింది.

“బొట్టు ముఖానికి పెడతారు గాని వీపుకి పెడతారా నాయనా? జాన్ బాబూ, ఎక్కు.”

జాన్ బాబు ఎక్కాడు.

తర్వాతి వారం పూర్ణచంద్ర కెమెరాలు రెండడుగులు పైకి జరిపాడు. జాన్ బాబు స్టూలు మాని, పై అరల్లో చీరలు తీసే నిచ్చెన తెచ్చాడు. చెయ్యి తగిలితే గ్యారంటీ పోతుందని చెప్పి చూశాడు. దేవుడి పేరున పెట్టేదానికి గ్యారంటీ పోవడం ఏమిటని ఆవిడ కొట్టిపారేసింది. ఇక మిగిలింది తుడవడమే. ప్రతి శనివారం మొదటి బండికి వచ్చి, షట్టర్ లేవగానే తన డీవీఆర్ కట్టేసి, నిచ్చెనెక్కి నాలుగూ తుడిచి, మళ్ళీ ఆన్ చేసి వెళ్ళేవాడు. అడిగినవాళ్ళకు సర్వీసింగ్ అని చెప్పేవాడు. పైసా తీసుకోకుండా వారం వారం సర్వీసింగ్ చేస్తున్నాడని శంకరరావు సంతోషించాడు.

“శుక్రవారం నేను పెట్టడం, శనివారం మీరు తుడవడం. మనిద్దరికీ ఈ నిచ్చెనే గతి బావగారూ,” అన్నాడు జాన్ బాబు మూడో వారం.

శుక్రవారం ఒక్క రాత్రి బొమ్మ తెల్లగానే ఉంటుందని అతనికి తెలుసు. ఏమీ జరగని రాత్రి రికార్డింగు ఎవరూ తెరిచి చూడరని ధైర్యం. బాపట్లలో పైఅంతస్తు స్లాబు పడింది. వైరింగ్ గొట్టాలు వేసేలోగా కెమెరాల మనిషిని తేల్చాలని శంకరరావు అన్నాడు. ఇంకో రెండు వారాలు గడిస్తే చాలు.

శ్రావణంలో రెండో శుక్రవారం రాత్రి, వెనక్కి తీస్తున్న లారీ ఒకటి షాపు బోర్డు విరగ్గొట్టి పోయింది. శనివారం పూర్ణచంద్ర వచ్చి విరిగిన బోర్డు చూశాడు. గబగబా తుడిచి, ఎవరూ పిలవకముందే తిరుగు బండి పట్టుకున్నాడు. పదకొండింటికి వచ్చిన శంకరరావు లారీ నంబరు కోసం రికార్డింగు తెరిచాడు. తెల్లటి ముద్ద ఒకటి వెనక్కి వచ్చి, ముందుకు పోయింది. ఆయనకు అనుమానం వచ్చి ముందటి రోజులు తిప్పాడు. గురువారం శుభ్రంగా ఉంది. బుధవారం శుభ్రంగా ఉంది. అంతకుముందు శుక్రవారం తెలుపు. దాని ముందు శుక్రవారమూ తెలుపే. సోమవారం కెమెరాల వాళ్ళిద్దరినీ రమ్మని ఫోను చేశాడు.

శాలేమురాజు వచ్చి ముందు కెమెరాలు చూశాడు. అద్దాలు తళతళలాడుతున్నాయి. శుక్రవారాలు మాత్రమేనని విని కాసేపు ఆలోచించి, ఆ రోజు షాపులో ప్రత్యేకంగా ఏం చేస్తారని అడిగాడు. సీతామహాలక్ష్మి దాపరికం లేకుండా చెప్పింది. అతను గోడౌన్లోంచి అట్టపెట్టె తెప్పించి తన పాత కెమెరా ఒకటి తీశాడు. అద్దం మీద ఎండిన బొట్టు అలాగే ఉంది. గోటితో గీకి శంకరరావుకు చూపించాడు.

“మరి వీటికీ పెడుతూనే ఉన్నారుగా. శనివారానికల్లా ఎలా పోతోంది?” అన్నాడు శంకరరావు.

జాన్ బాబు చీరలు మడతపెట్టడం మొదలుపెట్టాడు. గాలికి రాలిపోయి ఉండొచ్చనో, వానకు కడుక్కుపోయి ఉండొచ్చనో పూర్ణచంద్ర ఏదో అనబోయాడు. శాలేమురాజు అతని వైపు ఒకసారి చూశాడు. మొహమాటపడలేదు.

“గల్లా మీది కెమెరా గుమ్మంకేసే చూస్తుందండి. శనివారం పొద్దున తెరవండి,” అన్నాడు.

పూర్ణచంద్ర తన డీవీఆర్ ప్రతిసారీ కట్టేశాడు. శాలేమురాజు కెమెరాలు లోపల పన్నెండు ఉన్నాయన్న మాటే మరిచాడు. అవి పనికిరాని సరుకని నెలన్నరగా అందరికీ చెప్పి చెప్పి, తనూ నమ్మేశాడు.

తెర మీద గాజు తలుపు, తలుపు అవతల నిచ్చెన, నిచ్చెన మీద పూర్ణచంద్ర. ఉమ్ముతో తడి చేసిన చేతిరుమాలుతో అద్దం తుడుస్తున్నాడు. అతనికి ముందు కలిగింది సిగ్గు కాదు. గాజు వెనక నుంచి కూడా చేతిరుమాలు గళ్ళు లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంది బొమ్మ. తన కెమెరాకు అది రాదు. సిగ్గు ఆ తర్వాత వచ్చింది.

శంకరరావు గొంతు పెంచలేదు. తెనాలి షాపువి ఎప్పటిలా మీరే చూడండి, ఇక్కడివి విప్పుకుని పాతవి బిగించి వెళ్ళండి అన్నాడు. బాపట్ల కొలతలకు ఎప్పుడు వస్తావని శాలేమురాజును అడిగాడు.

మిగిలింది పిన్నిగారి శుక్రవారం. శాలేమురాజు ఆవిణ్ని ఎన్వీఆర్ పెట్టె దగ్గరికి తీసుకువెళ్ళాడు.

“కెమెరాలన్నిటి ప్రాణం ఇందులో ఉంటుందమ్మగారూ. దీనికి పెడితే పదహారింటికీ పెట్టినట్టే.”

“ఈ మాట ముందే చెబితే జాన్ బాబుకి నిచ్చెన తప్పేది కదయ్యా,” అని ఆవిడ పెట్టె పైమూత తడిమి, బొట్టు ఎక్కడ పెట్టాలో చూసుకుంది.

ఆరు వారాల నుంచి పూర్ణచంద్ర వెతుకుతున్న మాట అది. శాలేమురాజుకు తడుముకోకుండా వచ్చింది.

పాత కెమెరాలు పూర్ణచంద్రే తుడిచి బిగించాడు. శాలేమురాజు నిచ్చెన పట్టుకున్నాడు. చివరి కెమెరా దగ్గర నెట్‌వర్క్ కనెక్టర్ సగం గుచ్చి వదిలేస్తే పది రోజుల తర్వాత బొమ్మ పోతుంది, తప్పు పేరు శాలేమురాజుదే అవుతుంది. పూర్ణచంద్ర వేళ్ళు దాని మీద కొద్దిసేపు ఆగాయి. తర్వాత టక్కుమనేదాకా నొక్కాడు.

“నీకు మొదటిరోజే తెలిసిందిగా అన్నా?” అన్నాడు శాలేమురాజు కింద నుంచి.

“పది నిమిషాల్లో తెలిసింది.”

“నాకు ఇవాళ పావుగంట పట్టింది.”

బాపట్ల షాపు దీపావళికి తెరిచారు. పూర్ణచంద్ర వెళ్ళలేదు. టీ బంకు దగ్గర శాలేమురాజు పేరు వస్తే మాత్రం, రేపల్లెలో ఒక రోగం తను పది నిమిషాల్లో పట్టాననీ, వాడికి పావుగంట పట్టిందనీ, కావాలంటే వాణ్ని అడగమనీ చెబుతాడు. ఆ రోగం ఏమిటో చెప్పడు.