కథలాపూర్‌లో పడని వాన

నాకు చిన్నప్పటి నుంచీ ఒక జబ్బు ఉంది. ఎదుటి మనిషి ఏదైనా సగం చెప్పి ఆపేస్తే, మిగతా సగం తెలిసేదాకా అన్నం సహించదు. జగిత్యాలలో టైపు నేర్పే ఇన్‌స్టిట్యూట్‌లో పనికి కుదిరాక ఆ జబ్బుకు మంచి మేత దొరికింది. పొద్దున పిల్లలకు టైపు నేర్పేదాన్ని. మధ్యాహ్నం నుంచి ఆఫీసులకు పోయే దరఖాస్తులు కొట్టి ఇచ్చేదాన్ని. భూమి తగాదా అయినా, అన్నదమ్ముల పంచాయితీ అయినా, ఆఫీసర్ల కంటే ముందు నా వేళ్ల కిందికి రావాల్సిందే.

అవి అన్నల, అంటే నక్సలైట్ల, కాలం రోజులు. ఊళ్లలో పగలు పోలీసులు, పొద్దుగూకితే అన్నలు. బజార్లో ఎవరైనా కాస్త గట్టిగా పిలిచినా దుకాణాల షట్టర్లు సగానికి దిగేవి. అట్లాంటి రోజుల్లో ఒక ముసలాయన, ఆయన భార్య మా ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కి వచ్చారు. తంగళ్ళపల్లి వాళ్లు, నేత పనివాళ్లు. మాది పక్కనే సిరిసిల్ల, మా అమ్మ తరఫున ఏదో దూరపు చుట్టరికం కూడా కలుస్తుంది. ఆయన్ని తాత అనీ, ఆమెను అవ్వ అనీ పిలిచేదాన్ని. పవర్‌లూములు వచ్చాక తాత మగ్గం మూలకు పడింది. నూలు కండెలు చుట్టుకుంటూ బతుకుతున్నాడు.

"సమరయోధుల పెన్షనుకు దరఖాస్తు పెట్టాలె బిడ్డ. నిజాం కాలంల దళానికి తూటాలు మోసిన" అన్నాడు.

దళం అనే మాట వినగానే మా ఓనరు లేచి వెళ్లి తలుపు దగ్గరికి వేసి వచ్చాడు. "గా మాట కొట్టకమ్మా" అన్నాడు నాతో.

"నలభై ఏండ్ల కిందటి ముచ్చట సార్ గది. రజాకార్ల మీద కొట్లాడిన దళం" అన్నాను.

"గది నాకెర్క, నీకెర్క. కార్బన్ పేపర్ల దళం అని కనిపిస్తే పోలీసోనికెట్ల ఎర్కయితది? వాడు నిజాం కాలందా, నిన్నటిదా అని అడుగుతడా?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఉంది ఆయన వాలకం. కానీ ఆయన భయంలో తప్పేం లేదు. దరఖాస్తు కొట్టాను, కార్బన్ పేపర్లు మాత్రం ఇంటికి తీసుకెళ్లి పొయ్యిలో పెట్టాను.

తాత చెప్పింది ఇది. పెళ్లయిన కొత్తలో ఆయన చీరల మూట భుజాన వేసుకొని అంగళ్లు తిరిగేవాడు. కథలాపూర్, కోరుట్ల, మల్లాపూర్. ఆ మూటలో చీరల మడతల మధ్య తూటాలు ఉండేవి. మూట ఎక్కడ దించాలో ఒకరు చెప్పేవారు, అక్కడ దించి ఖాళీ చేతులతో పక్కకు పోయేవాడు. తిరిగి వచ్చేసరికి తూటాలు పోయి చీరలు మాత్రం ఉండేవి. తీసుకున్నవాళ్లెవరో ఆయన చూడకూడదు, ఈయనెవరో వాళ్లు చూడకూడదు. అదీ నియమం.

నేను వింటూ వేళ్లు ఆపేశాను. ఇంత కథ పెట్టుకొని ఈ మనిషి నలభై ఏళ్లు ఎట్లా ఊరుకున్నాడు? నా నోట్లో అయితే నువ్వుగింజ నానదు.

అప్పటిదాకా గోడకు ఆనుకొని కూర్చున్న అవ్వ, "రాయి బిడ్డ, మంచిగ రాయి. కోరుట్లల ఇంకొకామె ఉండె అని గూడ రాయి" అన్నది.

తాత తల దించుకున్నాడు. ఆమె ఆగలేదు. "కొత్త కోడలినై అచ్చిన. వారంల రొండు దినాలు గీ మనిషి ఇంట్ల ఉండకపోతుండె. యాడికి పోయినవంటే ఒక్కటే మాట. ఎనుకనుంచి కొత్త కత ఎత్తిండు, ముసలితనంల గూడ గదే చెప్తున్నడు, తూటాలంట, దళమంట. ఎవలు నమ్ముతరు?"

ఆమె నీళ్లు తాగడానికి బయటికి వెళ్లినప్పుడు తాత నా బల్ల మీదికి వంగాడు. "పెన్షను అస్తే మంచిదే బిడ్డ, కాదన. కని సర్కారు ముద్ర పడితే మా ముసల్ది నమ్ముతది. పానం పోయేలోపల దీంతోని అవు అనిపించుకోవాలె." అప్పుడే చెప్పి ఉంటే సరిపోయేది కదా అన్నాను. "ఒట్టు తిన్న బిడ్డ. పెండ్లాముకు గూడ చెప్పనని. దళం పోయినంక చెప్పిన, గప్పటికే దాని మనసు ఇరిగింది" అన్నాడు.

ఆ మాటతో ఆయన పని నా పని అయిపోయింది. నిజంగా కోరుట్లలో ఎవరూ లేరా అన్న అనుమానం మాత్రం నాకూ కొంచెం ఉండేది, ఎందుకు అబద్ధం చెప్పాలి.

దరఖాస్తుకు ఒక సాక్షి కావాలి. అప్పట్లో జైలుకు పోయివచ్చిన పేరున్న పోరాట యోధుడెవరైనా, ఈయన మాతో పనిచేశాడు అని సంతకం పెట్టాలి. ఆ వైపు దళాన్ని నడిపిన పెద్దాయన కోరుట్లలో ఉన్నాడు. భూములున్న పటేళ్ల ఇంటి కొడుకు. సొంత ఇంటిమీదే తిరగబడి అడవికి పోయినవాడు. ఒక ఆదివారం బస్సెక్కి వెళ్లాను. మోకాళ్లకు ఏదో నూనె రాసుకుంటూ కూర్చున్నాడు.

"నేత సాలాయన ఒకడు తూటాలు మోసేటోడు అని ఇన్న తల్లీ. కని మొకం చూడలే, పేరు ఎర్కలేదు. చూడొద్దనే కాయిదా పెట్టింది నేనే" అన్నాడు. "దొంగ సంతకాల కోసం మస్తు మంది తిరుగుతున్నరు. ఎర్కలేనోనికి పెట్టను. విచారణ నాడు కబురు చెయ్యి, అస్త. మనిషిని చూస్త."

ఆయన మీద కోపం వచ్చింది, గౌరవమూ కలిగింది. దళం తిరిగింది ఈ వైపు కాబట్టి విచారణ జగిత్యాలలోనే పెట్టారు. కబురు పెట్టాను కానీ మొదటిరోజు పెద్దాయన మోకాళ్ల నొప్పితో రాలేకపోయాడు. ఆయన లేకున్నా ఆ రోజు విచారణ మామూలుగా నడిచి ఉంటే బాగుండేది.

గదిలో విచారణ చేసే ఆఫీసరు, ఆయన వెనక తలుపు పక్కన తుపాకీ పట్టుకొని ఒక కానిస్టేబుల్. ఆఫీసర్లను అన్నలు ఎత్తుకుపోతున్న కాలం, ఆయనకు కాపలా పెట్టారు. అవ్వ బయట చెట్టు కింద కూర్చుంది. దరఖాస్తు రాసింది నేనే కాబట్టి నన్ను లోపలికి రానిచ్చారు.

"తుపాకి పట్టలేదంటున్నవ్. తుపాకి పట్టనోడు యోధుడెట్లయితడు? సరే, అసలు నువ్వు దళంల పనిచేసినవా?" అని అడిగాడు ఆఫీసరు.

తాత నోరు తెరిచాడు. ఆయన చూపు కానిస్టేబుల్ మీద పడింది. వెన్ను వంగింది, చేతులు జోడయ్యాయి, గొంతు కూడా మారిపోయింది. "కథలాపూర్ అంగడికి పోయిన దొరా. వాన పడ్డది. ఆగిన. బట్టలమ్ముకునెటోన్ని, నాకేం ఎర్కలేదు."

ఆఫీసరు నా వైపు చూశాడు. నేను తాత వైపు చూశాను. ఫైలు మూసేశారు.

బయటికి వచ్చాక తాతను చెడామడా తిట్టాను. "నీకేమన్న పిచ్చి లేసిందా తాతా? ఇన్ని దినాలు కష్టపడి రాస్తే ఆయన ముంగట గదేం మాట?"

తాత తన చేతుల వైపే చూసుకుంటున్నాడు. "నేననలే బిడ్డ. ఖాకీ బట్టలు కనవడంగనే నోటికి అదే అచ్చింది" అన్నాడు. ఆయన ముఖంలో నాకంటే ఎక్కువ ఆశ్చర్యం ఉంది. నలభై ఏళ్ల కింద ఎవరో ఆ మాటను లోపల పెట్టి తాళం వేసి పోయారు, తాళం తీసేవాడు ఎవరో తెలియదు.

ఆఫీసరును బతిమాలి ఇంకొక వాయిదా వేయించుకున్నాను. కానిస్టేబుల్‌ను కాస్త బయట ఉంచమని కూడా అడిగాను. "ఆయన బయటుంటే నేను గూడ బయటనే ఉంట" అన్నాడు ఆఫీసరు. నవ్వులాటకు అనలేదు.

రెండోసారి కోరుట్ల పెద్దాయన వచ్చాడు, కట్టె ఊతంగా పట్టుకొని. తాతను కిందా మీదా చూసి, ఎరగనన్నట్టు తల ఊపాడు. ఈసారి అవ్వను కూడా లోపలికి తీసుకెళ్లాను, భార్య పక్కనుంటే ధైర్యంగా మాట్లాడతాడని. నేల చూపు చూడు తాతా, తల ఎత్తకు అని వందసార్లు చెప్పాను.

మొదట బాగానే చెప్పాడు. మూట గురించి, తోవ గురించి. ఇంతలో కానిస్టేబుల్ తుపాకీని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. ఇనుము గోడకు తగిలి చప్పుడైంది. అంతే.

"కథలాపూర్ అంగడికి పోయిన దొరా. వాన పడ్డది. ఆగిన."

నేను కళ్లు మూసుకున్నాను.

"అబద్ధం సారూ!" అవ్వ గొంతు గది అదిరేటట్టు లేచింది. "పచ్చి అబద్ధం! నాకు గూడ గిదే చెప్పెటోడు. యాడికి పోయినవంటే గిదే మాట, ఒక్క అక్షరం అటీటు కాదు. వాన పడితే మూట తడవాల్నా లేదా? నేను గంజి పెట్టి మడతేసిన చీరలు సారూ అవి. నీళ్లు తాకితే గంజి దిగి మెత్తవడతయి. గా మూట ఇప్పుతె చీరలు కరకరలాడుతుండె! సలికాలంల గూడ వాననే అన్నడు సారూ, సంకురాత్రి మంచుల గూడ వాననే!"

ఆఫీసరుకు ఏం రాయాలో తోచలేదు. కానీ పెద్దాయన కుర్చీలో ముందుకు జరిగాడు.

"ఆగు చెల్లే. ఆగినంక ఇంకేమన్న అంటుండెనా?"

"అంటుండె. సుట్టపోల్ల..."

"సుట్టపోల్ల అరుగు మీద పన్న. తెల్లారి లేసి అచ్చిన." మిగతాది పెద్దాయనే పూర్తి చేశాడు. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి, నవ్వు కూడా ఆగడం లేదు. "నేనే నేర్పిన ఆ మాట. మక్కచేన్ల మూట మోసెటోల్లను కూసోవెట్టి, చీకట్ల, ఒక్కొక్కనితోని అనిపించిన. పోలీసోడు అడిగినా గిదే, కన్నతల్లి అడిగినా గిదే, పెండ్లాము అడిగినా గిదే. వానకాలముండె గప్పుడు, వాన అని పెట్టిన. సలికాలానికి ఇంకో మాట చెప్పుడు మరిచిన!"

తర్వాత తాత దగ్గరికి నడిచి వెళ్లి, ముఖం దగ్గరగా పెట్టి చూశాడు. "మొకం గిప్పుడు చూస్తున్న. తుపాకి పట్టినోల్లు ఇద్దరు ముగ్గురు దెబ్బలకు తాళలేక చెప్పిండ్లు. మూట మోసెటోల్లల ఒక్కడు చెప్పలే. సంతకం యాడ పెట్టాలె సారూ?"

తాత చూపు పెద్దాయన మీద లేదు, ఆఫీసరు మీదా లేదు. అవ్వ మీద ఉంది. అవ్వ మాత్రం పెద్దాయన వైపే చూస్తోంది.

"గట్లయితె అయ్యా," అన్నది చివరికి, "ఇన్నేండ్లు కోరుట్ల దానికి నేను పెట్టిన శాపాలు ఎవలకు తాకినయి?"

పెద్దాయన తన మోకాళ్లు తడుముకున్నాడు. "నాకే తాకినట్టున్నయి చెల్లే."

అందరం నవ్వాం, కానిస్టేబుల్ కూడా. అవ్వ నవ్వలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, ఆమె భుజాలు అదురుతున్నాయి. ఒక మనిషిని ఇన్నేళ్లు తప్పుగా అనుకోవడం ఎట్లా ఉంటుందో అప్పుడు నాకు తెలియదు. అడగాలనిపించింది కానీ మొదటిసారి నా జబ్బును అణచుకున్నాను.

ఆ రోజు శనివారం. నేనూ సిరిసిల్ల పోయేదాన్నే, ముగ్గురం కలిసి బయలుదేరాం. అవ్వ కోరుట్ల మీదుగా పోదామని పట్టుబట్టింది. ఆ ఊరు ఆమె ఒక్కసారి కూడా చూడలేదు. బస్టాండులో దిగి, పూలమ్మే ఆమెను, చాయ్ హోటలును, అటూ ఇటూ పోయే ఆడవాళ్లను కళ్లార్పకుండా చూసింది. "గింతేనా కోరుట్ల?" అన్నది.

సిరిసిల్ల బస్సులో ఆమెను ఆపడం మా వల్ల కాలేదు. పక్క సీటామెకు, వెనక సీటు ముసలాయనకు, కండక్టరుకు, అడిగినా అడగకున్నా, "మా ఆయన దళంల చేసిండు!" అని చెప్పడం మొదలుపెట్టింది. ఆ మాట విన్నవాళ్లు విననట్టు కిటికీ వైపు తిరుగుతున్నారు. ఒకాయన లేచి ముందు సీటుకు పోయాడు. నేను ఆమె మోచేయి గిల్లుతూనే ఉన్నాను. నలభై ఏళ్లు నమ్మని మనిషి ఒక్కరోజులో ఊరందరినీ నమ్మించాలని చూస్తోంది.

కథలాపూర్ దాటాక బస్సు ఆగింది. రోడ్డుకు అడ్డంగా కట్టె, పక్కన జీపు. ఇద్దరు పోలీసులు ఎక్కారు. బస్సులో దగ్గు కూడా వినపడలేదు. ఒక్కొక్కరినే అడుగుతూ మా సీటు దగ్గరికి వచ్చారు. అవ్వ నోరు అప్పటికే తెరిచి ఉంది.

"ఎక్కడ్నుంచి వస్తున్నారు?"

తాత చేతులు జోడించాడు. వెన్ను వంగింది. "కథలాపూర్ అంగడికి పోయినం దొరా. వాన పడ్డది. ఆగినం."

పోలీసు వంగి కిటికీలోంచి బయటికి చూశాడు. చేలు బీటలు వారి ఉన్నాయి, ఆకాశంలో మచ్చుకు మబ్బు లేదు. ఆయన తాత వైపు, తర్వాత అవ్వ వైపు తిరిగాడు.

అవ్వ భర్త ముఖంలోకి చూసింది. కొంగు నెత్తిమీదికి లాక్కుంది.

"అవు సారూ," అన్నది, "మస్తు వాన పడ్డది. సుట్టపోల్ల అరుగు మీద పన్నం."