పాత గేటు నుంచి నాలుగో వరుస

ముప్పై నాలుగేళ్ళు మా ఊరి బళ్ళో భూగోళం చెప్పాను. గోడకు తగిలించే పటం నా చేతి మీదుగానే మూడుసార్లు మారింది. అయినా మా ఊరి సంగతి ఎవరైనా అడిగితే శ్మశానం పక్కింట్లో ఉండే పలాగా దగ్గరికి పంపేదాన్ని, ఎందుకంటే ఆమె దగ్గర సమాధానం ఉండేది. నా దగ్గర పటాలే ఉండేవి.

ఊరికి రెండు పేర్లు. రష్యన్లం మేము జాలెస్యె అంటాం, ఎస్తోనియన్లకు దగ్గరి జనం సేతోలు మోత్సా అంటారు. రెండింట్లోనూ ఉన్నది అడవే. పలాగా సేతో మనిషి. తన చరిత్ర అడిగితే వేళ్ళు మడిచి చెప్పేది.

"పుట్టినప్పుడు ఎస్తోనియా. నాలుగేళ్ళకి సోవియట్. అయిదేళ్ళకి జర్మన్లు. ఎనిమిదేళ్ళకి మళ్ళీ మీవాళ్ళే, ఈసారి తీసుకెళ్ళి రష్యాలోని ప్స్కోవ్‌లో కలిపారు. యాభై అయిదేళ్ళు వచ్చేసరికి ఆ సోవియట్టూ లేదు. నేను మాత్రం ఈ గడప దాటలేదమ్మా. తిరిగినవన్నీ దేశాలే."

వాళ్ళ నాన్న శ్మశానం కాపలాదారు. ఆయన పోయాక ఆ పని ఈమెకు వచ్చింది. పగలు నార మిల్లులో పని, సాయంత్రం సమాధుల మీద గడ్డి కోయడం. పెళ్ళి చేసుకుంది. మొగుడు తాగి గడ్డకట్టిన చెరువు మీద నడుస్తూ, మంచు విరిగి పోయాడు. పిల్లలు లేరు. ఆ సంగతి అడిగితే, "నాకు నాలుగొందల మంది ఉన్నారు, ఒక్కడూ ఎదురు మాట్లాడడు" అనేది. ఆమెకు చదువు అంతంత మాత్రం. శిలువల మీద పేర్లు చదివేది కాదు. అందరినీ లెక్క మీద గుర్తుపెట్టుకునేది. గేటు నుంచి ఎన్నో వరుస, దారికి ఏ పక్క, ఎన్నో దిబ్బ, ఇదీ ఆమె పద్ధతి. నాకది నాటు పద్ధతిలా అనిపించేది. చదువుకున్నదాన్ని కదా, పొగరు.

తొంభై ఒకటిలో ఎస్తోనియా విడిపోయి సరిహద్దు ఊరి పడమటి అంచున దిగింది. అప్పటిదాకా అది పటంలో గీతే. పశువులు దాటేవి, పెళ్ళివాళ్ళు దాటేవారు. ఇప్పుడు అవతలి పల్లెల్లో ఉన్న సేతోల తల్లిదండ్రులంతా ఇవతల మా శ్మశానంలో ఉండిపోయారు. ఆగస్టు ఇరవై ఎనిమిది, మరియమ్మ పండుగ నాడు సమాధి మీద గుడ్డ పరిచి, చచ్చిపోయినవాళ్ళతో కలిసి భోంచేయడం వాళ్ళ ఆచారం. అందుకని ఆ ఒక్కరోజూ వీసాలు చేయించుకుని బస్సుల్లో వచ్చేవారు.

తొంభై నాలుగు శరదృతువులో పెద్ద గాలివాన వచ్చింది. శ్మశానంలో పైన్ చెట్లు పడి కొయ్య శిలువలన్నీ విరిగాయి. ఒక కొమ్మ పలాగా తొడ మీద పడింది. ప్స్కోవ్ ఆసుపత్రిలో పదకొండు నెలలు ఉంది. వానకు తడిసిన శిలువల మీద పేర్లు చెరిగిపోయాయి, ఎవరి దిబ్బ ఏదో తెలియడం లేదు. అప్పుడు నేను పూనుకున్నాను. నోటు పుస్తకం పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళి కూర్చున్నాను. పలాగా మంచం మీద కళ్ళు మూసుకుని పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. "గేటు నుంచి నాలుగో వరుస, దారికి ఎడమ పక్క, రెండోది, నాస్తా వాళ్ళమ్మ." నేను రాసుకున్నాను. ఇంటికొచ్చి రంగు పెన్సిళ్ళతో మంచి పటం గీశాను. ఉత్తరం బాణం కూడా వేశాను. దాన్ని అద్దం కట్టించి బడి వసారాలో తగిలించారు. చోటు చూపించేవాళ్ళు లేని శిలువలు దాని ప్రకారమే పాతారు.

ఆ ఆగస్టులో అవతలి పల్లె నుంచి నాస్తా మొదటిసారి పండుగకు వచ్చింది. వాళ్ళమ్మ పోయినప్పుడు ఆమె కజకస్తాన్‌లో పాల ఫారంలో పనిచేసేది. తర్వాత ఒకే ఒక్కసారి వచ్చి సమాధి చూసింది, అదీ పదిహేడేళ్ళ కిందట. నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, "ఇదుగోనమ్మా, ఇక్కడ" అని చూపించాను. ఆమె ఆ దిబ్బ మీద పడి శోకం తీసింది. సేతో ఆడవాళ్ళ శోకం మామూలు ఏడుపు కాదు. అది పాట, ఉత్తరం, ఫిర్యాదు అన్నీ కలిసిన వ్యవహారం. ఏడాదిలో ఇంట్లో జరిగినవన్నీ తల్లికి రాగం తీసి చెప్పుకుంటారు.

సెప్టెంబరులో పలాగా కర్రల మీద ఇంటికొచ్చింది. శ్మశానమంతా ఓసారి తిరిగింది. సాయంత్రం మా ఇంటికొచ్చి విచిత్రమైన ప్రశ్న వేసింది.

"టీచరమ్మా, నాస్తా ఏమని ఏడ్చింది?"

"అదేం ప్రశ్న అక్కా? అమ్మ కోసం ఏడ్చింది."

"మాటలు చెప్పు. ఏమేం చెప్పుకుంది?"

నాకు వింతగానే ఉంది. అయినా గుర్తున్నవి చెప్పాను. మొగుడు మాట్లాడడని, ఇంటి కప్పు కారుతోందని, తల్లి చేతి బఠాణీ పులుసు తనకు కుదరడం లేదని. పలాగా పెదాలు కదుపుతూ విని లేచిపోయింది.

మరుసటి ఏడు నుంచి నేనొకటి గమనించాను. పండుగనాడు నాస్తా శోకం తీస్తుంటే పలాగా వెనకాల కూర్చుని కళ్ళు మూసుకునేది. నాలుగింటికి బస్సులు వెళ్ళాక మిగిలిన గుడ్లు, షాజీరా వేసిన ఇంటి చీజు, వేయించిన చిన్న చేపలు మూటగట్టుకుని శ్మశానం ఆ చివరికి, పడమటి కంచె దగ్గరికి పోయేది. అక్కడ పేరు లేని దిబ్బ ఒకటుంది. దాని పక్కన కూర్చుని శోకం తీసేది. ఒకసారి దగ్గరగా వెళ్ళి విన్నాను. పలాగాకు మొగుడే లేడు, "నా మొగుడు గోడలతో మాట్లాడతాడమ్మా, నాతో మాట్లాడడమ్మా" అంటోంది. పలాగాకు ఆవు లేదు, ఆవు కాలు విరిగిందంటోంది.

"అక్కా, ఎవరి మొగుడు? ఎవరి ఆవు?" అన్నాను.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు? పోయి నీ పటం తుడుచుకో."

అప్పటి నుంచి ఆమె సంగతి నాకు నిశ్చయంగా తెలియలేదు. ముసలితనమా, ఒంటరితనమా, తలకు కూడా కొమ్మ తగిలిందా? డాక్టరుకు చూపిస్తానంటే నవ్వేది. మిగతా ఏడాదంతా ఆమె మతి నాకన్నా బాగా ఉండేది. నేను గ్యాసు పొయ్యి ఆర్పడం మరిచిపోతే కిటికీలోంచి అరిచేది ఆమే. ఆ ఒక్క సాయంత్రం మాత్రం ఇంకొకరి సంసారాన్ని నెత్తిన పెట్టుకునేది. ఇలా పంతొమ్మిదేళ్ళు గడిచాయి. నేను ఎటూ తేల్చుకోలేకపోయాను.

రెండువేల పద్నాలుగు పండుగకు నాస్తా చిక్కి సగమై వచ్చింది. గుడ్డ పరిచింది, గిన్నెలు సర్దింది, శోకం మొదలుపెట్టకుండానే మాతో చెప్పింది.

"పలాగక్కా, టీచరుగారూ, ఇదే ఆఖరు. కడుపులో పుండట, డాక్టర్లు చేతులెత్తేశారు. నన్ను అవతలే పెడతారు. అమ్మ పక్కన చోటు ఎలాగూ దక్కదు. గుప్పెడు అమ్మ మట్టి పట్టుకెళ్తాను. పెట్టెలో నా తల కింద పెట్టమని కూతురికి చెప్పాను."

అని చెంచా తీసి దిబ్బ పక్కన తవ్వబోయింది. పలాగా చటుక్కున ఆమె చెయ్యి పట్టుకుంది.

"నాస్తా, ఆ మట్టి వద్దు."

"ఎందుకక్కా?"

"అది మీ అమ్మది కాదు."

నాకు చిర్రెత్తుకొచ్చింది. చావబోయే మనిషి ముందు ఇదేం మాట! "అక్కా, నీకు మతి పోయిందా? ఇక్కడే. నాలుగో వరుస, ఎడమ పక్క, రెండోది. నువ్వు చెప్తేనే రాశాను, నా పటంలో ఉంది!"

"చెప్పాను. గేటు నుంచి అని చెప్పాను."

"గేటు నుంచే లెక్కపెట్టాను!"

"ఏ గేటు నుంచే, తల్లీ?"

నేను తూర్పు వైపు చెయ్యి చూపించాను. చెయ్యి గాలిలో ఉండగానే అర్థమైంది. శ్మశానానికి తరతరాలుగా గేటు పడమట ఉండేది, ఇప్పుడు అవతలివైన పల్లెల వైపు. పలాగా ఆసుపత్రిలో ఉన్న చలికాలంలోనే ముళ్ళకంచె ఆ గోడ వెంట వచ్చింది. పాత గేటుకు మేకులు కొట్టి తూర్పున కొత్త గేటు పెట్టారు. మంచం మీద కళ్ళు మూసుకున్న పలాగాకు గేటంటే పాత గేటే. నేను కొత్త గేటులోంచి నడిచి పటం గీశాను. కొత్తది వచ్చిందని ఆమెకు చెప్పాలనే తోచలేదు నాకు. ఉత్తరం బాణం వేయడం మాత్రం మరిచిపోలేదు.

ఇనప శిలువలున్నవాళ్ళకీ, ఏటేటా వచ్చి చోటు ఎరిగినవాళ్ళకీ పటంతో పనిలేకపోయింది. దాన్ని నమ్ముకున్నది నాస్తా ఒక్కతే.

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అంది నాస్తా.

"నేను వచ్చేసరికే నువ్వు ఏడ్చేసి పోయావమ్మా. ఏడ్చిన ఏడుపు వెనక్కి తీసుకోమని ఎట్లా చెప్పను? వచ్చే ఏడు చెప్దామనుకున్నా. వచ్చే ఏడూ అదే అనుకున్నా." నావైపు చూసింది. "ఈవిడ పటం కూడా గోడ మీద అద్దంలో మెరుస్తా ఉండేది."

నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళని పంతొమ్మిదేళ్ళు దాని కింద నుంచే నడిచాను.

"అయితే మా అమ్మ ఏమీ వినలేదన్నమాట" అంది నాస్తా. "పొలాల మీద అరిచినట్టయింది."

"వింది. ప్రతి మాటా వింది. నేను చెప్పొచ్చాను."

"నల్లావు పోయిన ఏడు నేనేమన్నాను?"

పలాగా కళ్ళు మూసుకుంది. రాగం దానంతటదే వచ్చింది. "అమ్మా నా బంగారు తల్లీ, నల్లావు దూడను కని కన్ను మూసిందమ్మా. దూడకు సీసాతో పాలు పడుతున్నానమ్మా. అరవై ఏళ్ళ దూడను నేను, నా నోటికి ఎవరు పడతారమ్మా..."

నాస్తా నోటి మీద చెయ్యి పెట్టుకుంది. మాట పొల్లు పోలేదు. దిబ్బ వైపు తలాడించి, "మరి ఇదెవరిది?" అంది.

"ఎగోర్ అని, నార మిల్లులో రాత్రి కాపలావాడు. ఎక్కణ్ణించి వచ్చాడో తెలీదు. వెనకాముందూ ఎవరూ లేరు."

"ఓరి నాయనో, నా మొగుడి మీద చెప్పిన చాడీలన్నీ ఒక మగాడు విన్నాడా!"

ముగ్గురం నవ్వాం. అక్కడ నవ్వడం తగునో తగదో నాకు తెలియలేదు.

పలాగా ఆమెను పడమటి దిబ్బ దగ్గరికి తీసుకెళ్ళింది. రుమాల్లో కట్టి తెచ్చుకున్న మట్టి మూట ఆమె చేతిలో పెట్టింది. ఈసారైనా చెప్పేద్దామని పొద్దున్నే తవ్వి ఉంచిందట. నాస్తా మోకాళ్ళ మీద కూర్చుంది. మేము దూరంగా నిలబడ్డాం. ఆమె నోరు తెరిచింది, మాట రాలేదు. మళ్ళీ ప్రయత్నించింది. ముక్కూ మొహం తెలియని ఇంటికి వచ్చినట్టు అటూ ఇటూ చూసింది. చివరికి లేచి, మట్టి మూట గుండెకు అదుముకుని, నడవలేక నడవలేక వెనక్కి ఎగోర్ దిబ్బ దగ్గరికే వెళ్ళింది. అక్కడ కూలబడగానే శోకం వరదలా వచ్చింది. తన చావు గురించి చెప్పుకుంది, కూతురి గురించి చెప్పుకుంది. ఇరవై ఏళ్ళు తప్పుచోట కూర్చున్నందుకు అమ్మను క్షమించమంది, ఆ తప్పుచోటే కూర్చుని.

తప్పంతా నాదని నాకు తెలుసు. వెళ్ళి ఆపాలా, ఊరుకోవాలా? బస్సు హారన్ కొట్టింది. నాస్తా నన్ను దాటుతూ ఆగి, నా చెంప మీద అరచెయ్యి పెట్టి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

నేను వెనక్కి తిరిగేసరికి పలాగా గుడ్లు, చీజు మూటగడుతోంది.

"అక్కా, ఇంకెందుకు? ఆమెకు నిజం తెలిసిపోయిందిగా."

"తెలిస్తే ఏం? మళ్ళీ ఇక్కడే ఏడ్చిపోయింది కదా. ఇవాళ్టి మాటలు వాళ్ళమ్మకు ఎవరు చెప్తారు, నువ్వు చెప్తావా?" కర్ర అందుకుంది. డెబ్బై ఎనిమిదేళ్ళు ఆమెకు. రెండడుగులు వేసి ఆయాసంతో ఆగింది. "అయినా నువ్వూ రా. విని నేర్చుకో. వచ్చే ఏడు నేనుంటానో లేదో."

నేను మూట అందుకున్నాను. కంచె దాకా వెళ్ళి, మేకులు కొట్టిన పాత గేటుకు వీపు ఆనించి నిలబడి, మొదటిసారి అటు నుంచి లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఎడమ పక్క, రెండోది.