మా అమ్మ దొంగిలించిన మనీప్లాంట్

అమ్మ కాలికి వేసిన సిమెంటు కట్టు విప్పిన రోజు దవాఖానలో డాక్టరు ఒకటే మాట చెప్పాడు: నడిపించండి, లేదంటే మోకాలు బిగుసుకుపోతుంది, తర్వాత నేనేం చేయలేను. అమ్మ మాత్రం మంచం దిగితే ఒట్టు. పొలం గట్టు మీద జారి విరగ్గొట్టుకున్న కాలు అది. నేల మీద మోపితే మళ్లీ విరుగుతుందని ఆమె భయం. ఎనభైల మొదట్లో సంగతి. వరంగల్ సుబేదారిలో ఒక ఇంటి వెనక రెండు గదుల్లో అద్దెకుండేవాళ్లం. నేనూ నా భార్యా బతిమాలాం, కోప్పడ్డాం, డాక్టరు పేరు చెప్పి బెదిరించాం. దేనికైనా ఆమె జవాబు "రేపు చూద్దాం తియ్" అన్నదే.

గోడలు చూసి చూసి విసుగొస్తుందని, ఎవరో ఇచ్చిన మనీప్లాంట్ కొమ్మను నా భార్య ఒక గాజు సీసాలో నీళ్లు పోసి కిటికీలో పెట్టింది. వరి, మిర్చి, పత్తి పెంచిన మనిషికి అది పెద్ద వింత. "మన్ను లేకుంట బతుకుడేందే? పాపం, ఉపాసముంటాంది" అని జాలిపడింది. కొన్నాళ్లకు కణుపు దగ్గర తెల్లటి వేరు దారంలా దిగింది. అమ్మ రోజూ సీసాను చేతికి తెప్పించుకుని వెలుగుకు పట్టి చూసేది. ఆ మురిపెంలోనే, ఊరి నుంచి పలకరించడానికి వచ్చినవాళ్లతో ఇంత యూరియా తెప్పించి సీసాలో వేసింది. ఆకలి తీర్చడమన్నమాట. వేరు నల్లబడింది, ఆకులు పసుపెక్కి వాలిపోయాయి, నీళ్లు కంపుకొట్టాయి.

ఆ రోజు అమ్మ అన్నం సగంలోనే వదిలేసింది. "నా చేతుల చెట్టు సచ్చుడు ఎన్నడన్న ఉన్నదారా? కాలు పాయె, ఇగ చెయ్యి గూడ పాయె" అంది.

ఆ మాట నాకు గుచ్చుకుంది. అది ఆమె తప్పు కాదని చెప్పాను. మనీప్లాంట్ చేతికిస్తే బతకదు, దొంగిలించి తెస్తేనే బతుకుతుంది. ఇది నేను పుట్టించిన మాట కాదు, మా వీధిలో ఎవరినడిగినా చెబుతారు. దానికి కొంచెం మసాలా మాత్రం నేను కలిపాను. ఏటూరునాగారంలో ఒక గుమస్తా దొంగిలించి తెచ్చుకున్న కొమ్మ కిటికీలోంచి పాకి, రోడ్డు దాటి, వరంగల్ బస్సెక్కిందనీ, టికెట్ లేదని కండక్టరు దించేశాడనీ చెప్పాను. అమ్మ నవ్వలేదు. ఎవరు దొంగిలించాలని అడిగింది. పెంచేవాళ్లే అన్నాను. ఆ షరతు కూడా నా సొంతమే.

"గట్టు మీది గడ్డిపరక ముట్టనిదాన్ని. ముసల్తనంల నన్ను దొంగను చేస్తవా?" అని గోడ వైపు తిరిగి పడుకుంది.

నేను వెళ్లి ఇంటి ఓనరమ్మ చెవిన వేశాను. మా వాకిలికి ఎదురుగా ఉన్న ఆమె వెనక వరండా నిండా మనీప్లాంటే. కిరాణా దుకాణం వాళ్ల ఇల్లాలు కదా, బేరం ఎక్కడ తెగుతుందో ఆమెకు తెలుసు. ఆ మధ్యాహ్నమే మా గుమ్మంలో నిలబడి అమ్మతో, "అక్కా, నేను జర పండుకుంట. వరండల తీగ మస్తు పెరిగింది, ఎవలన్న తెంపుకపోతరో ఏమో. నిద్ర పట్టిందంటే నాకేం తెల్వది" అని చెప్పి వెళ్లింది.

మేమిద్దరం వంటింట్లో చేరాం. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత మంచం కిర్రుమంది. గోడ వెంట పాదం ఈడ్చిన చప్పుడు. పరుగెత్తి పట్టుకుందామని నా భార్య లేచింది, నేను ఆపాను. ఆపానే గానీ, పడితే ఏం గతి అని నాకూ భయమే. తలుపు సందులోంచి చూశాం. అమ్మ వాకిలి దాటి వరండా మెట్టు దగ్గర ఆగింది. బాగున్న కాలు పైన పెట్టాలంటే విరిగిన కాలి మీద నిలబడాలి. నిలబడింది. అక్కడే పడుకున్న ఓనరమ్మ కళ్లు గట్టిగా మూసుకుని, లోకంలో ఎవరూ పెట్టని గురక పెడుతోంది. అమ్మ కొమ్మ తుంచి కొంగు కింద దాచుకుని, వచ్చినదానికంటే వేగంగా తిరిగొచ్చింది.

మంచం మీద కూర్చుని, ఇంకా రొప్పుతూనే హుకుములు మొదలుపెట్టింది. కణుపు మునగాలి, ఆకు మునగొద్దు. దినం తప్పి దినం నీళ్లు మార్చాలి. ఎండ తగలొద్దు. యూరియా మాట ఎత్తొద్దు.

కొత్త కొమ్మకు వేర్లొచ్చాయి. వానలు పడేనాటికి చుట్టిన తమలపాకులా ఒక లేతాకు విచ్చుకుంది. ఒకరోజు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి వీధి చివరింటాయన మా గుమ్మంలో ముఖం ముడుచుకుని నిలబడి ఉన్నాడు.

"సార్, మీ అమ్మ మా క్రోటన్ కొమ్మ ఇరుసుకపోయింది. అడిగితే మేమియ్యమా?"

ఆయన్ని కూర్చోబెట్టి చాయ్ ఇప్పించాను. ఎటు నుంచి వచ్చింది, మెట్లెక్కిందా, గోడ పట్టుకుందా అని గుచ్చి గుచ్చి అడిగాను.

ఆయన నన్ను వింతగా చూశాడు. "గోడ పట్టుకునుడేంది సార్? మా కుక్క ఎంబడి పడితే మీ అమ్మ ఉరికింది."

ఆయనకు ఇంకో కప్పు చాయ్ తెమ్మని నా భార్యను కేకేశాను.